నెయ్యైనా నూనైనా గ్రాము గ్రామే

రక్తంలో కొవ్వు పెరిగిందనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది కొలెస్టరాల్, ఆ వెంటనే గుండె. మా అమ్మాయికి ఉన్న జబ్బు దారి వేరు. ఆమె రక్తంలో పేరుకొనేది ట్రైగ్లిజరైడ్ అనే మరో రకం కొవ్వు, ముప్పు ప్రధానంగా క్లోమానికి. జబ్బు పేరు ఫెమీలియల్ కైలోమైక్రోనీమియా సిండ్రోమ్. డాక్టర్లు పొట్టిగా ఎఫ్.సి.ఎస్. అంటారు. పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు కాబట్టి, విశాఖపట్నమంత నగరంలో కూడా ఇలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. అంత అరుదైనదాని గురించి ఇంత పొడుగున రాయడానికి కారణం ఒక్కటే. కొవ్వు తగ్గించుకోవడానికి లోకమంతా ఇచ్చే సలహాలు, అంటే బాదం పప్పులు తినమనడం, ఆలివ్ నూనెకు మారమనడం, చేప నూనె మాత్రలు వేసుకోమనడం, ఈ జబ్బు ఉన్నవాళ్లు పాటిస్తే ఆస్పత్రి పాలవుతారు. వీళ్ల విషయంలో మంచి కొవ్వు, చెడ్డ కొవ్వు అనే తేడా లేదు. ఎంత తిన్నారన్నదే లెక్క.

నేను జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. అందువల్ల డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి వివరించినప్పుడు, తల్లిగా భయపడుతూనే, విషయం మటుకు ఆసక్తిగా విన్నాను. అది ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తర్వాత వంటింటి గురించి రాయబోయేదంతా దీని మీదే నిలబడి ఉంది.

మనం తిన్న కొవ్వు చిన్నపేగులో విడిపోయి, పేగు గోడలోని కణాల్లోకి వెళ్లి, అక్కడ మళ్లీ ట్రైగ్లిజరైడ్‌గా కూడుతుంది. ఆ కణాలు దానికి అపో బి-48 అనే ప్రొటీన్ జోడించి, కైలోమైక్రాన్లు అనే సూక్ష్మమైన రేణువులుగా తయారుచేసి బయటికి పంపుతాయి. చక్కెరలాగా ఇవి నేరుగా కాలేయానికి వెళ్లవు. లసిక నాళాల గుండా ఛాతీలోకి ఎక్కి, మెడ మొదట్లో ఉన్న పెద్ద సిర దగ్గర రక్తంలో కలుస్తాయి. అక్కడి నుంచి కండరాలకూ కొవ్వు కణజాలానికీ చేరి తమలోని కొవ్వును అప్పగించాలి. ఆ కొవ్వును విడగొట్టి లోపలికి పంపే పని లైపోప్రొటీన్ లైపేజ్, అంటే ఎల్.పి.ఎల్. అనే ఎంజైముది. అది కేశనాళికల లోపలి గోడకు అంటిపెట్టుకొని ఉంటుంది. దానిని అక్కడ నిలిపి ఉంచడానికి ఒక ప్రొటీన్, చురుకుగా పనిచేయించడానికి అపో సి-2 అనే మరొక ప్రొటీన్, అది కణంలో సరిగ్గా ముడుచుకొని తయారయ్యేలా చూడడానికి ఇంకొకటి కావాలి. వీటిలో ఏ ఒక్కదాని జన్యువు రెండు ప్రతులూ చెడినా ఎఫ్.సి.ఎస్. రావచ్చు. అయితే ఎక్కువ మందిలో చెడేది ఎనిమిదో క్రోమోజోము మీద ఉన్న ఎల్.పి.ఎల్. జన్యువే. మా అమ్మాయిలోనూ అదే.

ఆర్.కె. బీచ్‌లో నిలబడి చూస్తే, పోర్టులో బెర్తు కోసం లంగరేసుకొని ఎదురుచూస్తున్న ఓడలు దూరంగా కనిపిస్తాయి. రేవులో సరుకు దించేవాళ్లే లేకపోతే ఆ వరుస ఎలా పెరిగిపోతుందో, ఎంజైము లేని రక్తంలో కైలోమైక్రాన్లు అలా పేరుకుపోతాయి. ఆరోగ్యవంతులలో భోజనం చేసిన కొన్ని గంటలకే ఇవి రక్తంలో నుంచి తొలగిపోతాయి, రాత్రి తిని పొద్దున్నే పరగడుపున రక్తమిస్తే దాదాపు కనిపించవు. పరగడుపు ట్రైగ్లిజరైడ్ డెసిలీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. మా అమ్మాయి మొదటి రిపోర్టులో అది నాలుగు వేలు దాటింది. వెయ్యి దాటితేనే క్లోమం వాచే ప్రమాదం మొదలవుతుందంటారు.

ఆ రిపోర్టు రావడానికి ముందు చాలా కాలం గడిచిపోయింది. పాలు తాగే వయసు నుంచే పిల్లకు కడుపునొప్పి వచ్చేది. గ్యాస్ అన్నారు, నులిపురుగులన్నారు, కొంచెం పెద్దయ్యాక అపెండిక్స్ కావచ్చునన్నారు. మోచేతుల మీదా పిరుదుల మీదా ఆవగింజంత పసుపు పొక్కులు వస్తే, మన ఊరి ఉక్కపోతకు చెమటకాయలేనని అందరితో పాటు మేమూ అనుకొని పౌడరు రాశాము. అవి జాంథోమాలు, అంటే చర్మంలో పేరుకొన్న కొవ్వు. ఒక ల్యాబు వాళ్లు రెండు మార్లు ‘శాంపిల్ లైపీమిక్‌గా ఉంది (అంటే కొవ్వుతో తెల్లబారి ఉంది), మళ్లీ పంపండి’ అని రాసి పంపించారే తప్ప, ఆ మాటే జబ్బుకు ఆనవాలు కావచ్చునని ఎవరూ మాకు చెప్పలేదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. రక్తంలో కొవ్వు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు అది కొన్ని పరీక్షలకు అడ్డుపడి, సోడియం ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది, క్లోమం వాచినప్పుడు రక్తంలో పెరిగే ఎమిలేజ్ అనే ఎంజైము మామూలుగానే ఉన్నట్టు చూపించగలదు. అంటే నొప్పికి కారణమైనదే, కారణం దొరకకుండా కప్పిపెడుతుంది. క్లోమం వాపుకు పెద్దల్లో సాధారణంగా కనిపించే కారణాలు పిత్తాశయంలో రాళ్లు, మద్యం. చిన్నపిల్ల విషయంలో ఆ అనుమానం త్వరగా రాకపోవడం అర్థం చేసుకోదగినదే.

చివరకు విషయాన్ని తేల్చినది ఖర్చులేని ఒక పరీక్ష. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక ట్యూబులో పైకి తేరవలసినది లేత పసుపు రంగు సీరం. మా అమ్మాయి ట్యూబులో అది తెల్లగా, చిక్కగా, ట్యూబును వెలుతురుకు పట్టుకొన్నా అవతలి వేలు కనిపించనంత మందంగా ఉంది. ల్యాబులోని పెద్దాయన దానిని కదపకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు మమ్మల్ని పిలిచి చూపించారు. తెల్లదనమంతా పైకి తేలి వేలి మందాన పొర కట్టింది, దాని కింద సీరం తేటగా ఉంది. పైకి తేలినవి కైలోమైక్రాన్లు. అవి నీటికన్నా తేలిక. కింది భాగం కూడా మబ్బుగా ఉండి ఉంటే, కాలేయం తయారుచేసే వి.ఎల్.డి.ఎల్. రేణువులు కూడా పెరిగాయని అర్థమనీ, పెద్దల్లో షుగరుతోనో మద్యంతోనో ట్రైగ్లిజరైడ్లు వేలల్లోకి వెళ్లినప్పుడు తరచుగా కనిపించేది ఆ రకమేననీ ఆయన చెప్పారు. ఈ తేడాను చదువరులు గుర్తుంచుకోవాలని కోరుతాను. ట్రైగ్లిజరైడ్ మూడు వందలో నాలుగు వందలో ఉన్నవాళ్లు ఈ టపా చదివి తమకు ఎఫ్.సి.ఎస్. ఉందని కంగారుపడనవసరం లేదు. వాళ్లలో చాలామందికి కారణాలు వేరు, వైద్యం వేరు. ఆ తర్వాత జన్యుపరీక్షకు రక్తం హైదరాబాదుకు వెళ్లింది, ఫలితం అనుమానాన్ని నిజం చేసింది.

ఈ ఎంజైము బయటపడిన తీరు పాఠం చెప్పేవాళ్లకు నచ్చే కథ. 1943లో హాన్ అనే పరిశోధకుడు, కొవ్వు తిన్న కుక్కల తెల్లబారిన రక్తం, గడ్డకట్టకుండా వాడే హెపారిన్ అనే మందు ఇంజెక్షన్ ఇవ్వగానే తేటపడడం గమనించాడు. హెపారిన్‌ను పరీక్షనాళికలో ఆ రక్తానికి నేరుగా కలిపితే మాత్రం ఏమీ కాదు. ఒంట్లోకి ఎక్కిస్తేనే పనిచేస్తుంది. కారణం, రక్తనాళాల గోడను పట్టుకొని ఉన్న ఎల్.పి.ఎల్.ను హెపారిన్ విడిపించి రక్తంలోకి వదలడమే. 1932లోనే జర్మనీలో బుర్గర్, గ్రుట్జ్ అనే వైద్యులు ఒంటి నిండా జాంథోమాలతో, పెరిగిన కాలేయంతో ఉన్న ఒక బాలుణ్ణి వర్ణించినా, లోపం ఎక్కడున్నదో తేలడానికి 1960 దాకా పట్టింది. ఆ ఏడాది హావెల్, గోర్డన్ అనే అమెరికా వైద్యులు ఇదే జబ్బున్న ఒక కుటుంబంలోని వాళ్లకు హెపారిన్ ఇచ్చి చూస్తే, ఆ ఎంజైము పని దాదాపు కనిపించలేదు. ఇప్పటికీ పాత డాక్టర్లు కొందరు దీనిని టైప్ 1 హైపర్‌లైపోప్రొటీనీమియా అనే అంటారు.

ఇక వంటింటికి వస్తాను, మా రోజులో ఎక్కువ భాగం గడిచేది అక్కడే. డైటీషియన్ మాకు పెట్టిన హద్దు రోజు మొత్తానికి 20 గ్రాముల కొవ్వు. ఒక గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్ల ఫుల్ క్రీమ్ పాలలోనే 15 గ్రాములుంటుంది. టోన్డ్ పాలలో వందకు మూడు, డబుల్ టోన్డ్‌లో ఒకటిన్నర, వెన్న పూర్తిగా తీసిన పాలలో అర గ్రాము లోపు. మేము ఆఖరి దానికి మారాము, పెరుగు కూడా దానితోనే. గుప్పెడు వేరుశనగపలుకులు, సుమారు 30 గ్రాములు తింటే 12 గ్రాములకు మించి కొవ్వు పోతుంది. పొడిగా కనిపించే బిస్కెట్లలో వందకు పది గ్రాముల పైమాటే. గుడ్డులో కొవ్వంతా పచ్చసొనలో ఉంటుంది కాబట్టి తెల్లసొన పిల్లది, పచ్చసొన మా అబ్బాయిది. బియ్యం, పప్పు, గోధుమపిండి, కూరగాయలు, వీటిలో కనిపించకుండా ఉండే కొవ్వు కూడా రోజంతా కూడితే చెప్పుకోదగినంత అవుతుంది. అది పోను నూనెకు మిగిలేది చిన్న చెంచాడు, అంటే నాలుగున్నర గ్రాములు. ఆ చెంచాడును కూడా మానిపించకూడదు. ఒంటికి తప్పనిసరైన లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాలు శరీరం తయారుచేసుకోలేదు. అందుకే ఆ కొంచెం నూనె సన్‌ఫ్లవర్, అవిసె నూనెల నుంచి వచ్చేలా డైటీషియన్ లెక్క కట్టి ఇచ్చారు. కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్ల మీద కూడా కన్ను ఉంచాలి.

పోపు విషయంలో మొదట చాలా తంటాలు పడ్డాము. ఇప్పుడు ఇనప మూకుడు బాగా కాలనిచ్చి, ఆవాలు వేసి వెంటనే మూత పెడతాను. నూనె లేకపోయినా చిటపటలాడతాయి. మూత తీసి జీలకర్ర, ఎండుమిర్చి ముక్క, కరివేపాకు వేసి, మాడకముందే గరిటెడు నీళ్లు చిలకరిస్తే గుప్పుమని ఆవిరి లేస్తుంది, ఆ ఆవిరిలో ఇంగువ వేసి చారులో దించేస్తాను. వాసనకు లోటుండదు. దోసె నాన్‌స్టిక్ పెనం మీద పొడిగానే లేస్తుంది కానీ కరకరలాడదు, దానిని దోసె అనడం కష్టమే. ఇడ్లీ, ఆవిరి కుడుము, చోడంబలి, ఉప్పులో ఊరిన నిమ్మకాయ, ఇవి ఏ మార్పూ లేకుండా నిలిచాయి. సముద్రం పక్కనే ఉన్నాము కాబట్టి రొయ్యలు ఉన్నాయి. వాటిలో కొవ్వు చాలా తక్కువ. అరకు వైపు వెళ్లినప్పుడు బొంగులో చికెన్ నూనె లేకుండా కాలుస్తారు కదా, చర్మం తీసిన ఛాతీ ముక్కలు మాత్రమే పెట్టించి పిల్లకు తినిపించగలిగాము. ఆమె ముఖం ఆ రోజు చూడవలసింది.

కొవ్వు తగ్గించిన చోట అన్నం, తీపి ఇష్టం వచ్చినట్టు పెంచవచ్చుననుకోవడం కూడా కుదరదు. చక్కెర, బెల్లం ఎక్కువైతే కాలేయం దానిని ట్రైగ్లిజరైడ్‌గా మార్చి వి.ఎల్.డి.ఎల్. రూపంలో రక్తంలోకి వదులుతుంది, దానిని తొలగించవలసినదీ ఆ లేని ఎంజైమే. మరి ఎదిగే పిల్లకు శక్తి ఎలా? అందుకు ఎం.సి.టి. నూనె, అంటే మధ్యరకం పొడవు గొలుసుల కొవ్వుతో చేసిన నూనె ఉంది. దానిలోని కొవ్వు ఆమ్లాల గొలుసులు ఎనిమిది, పది కర్బన పరమాణువుల పొడవే ఉంటాయి కాబట్టి అవి కైలోమైక్రాన్లలోకి ఎక్కవు, పేగు నుంచి నేరుగా కాలేయానికి వెళ్లిపోతాయి. వేపుడుకు పనికిరాదు, దించిన కూరలో కలపాలి. ఒక్కసారిగా పెంచితే కడుపు పాడవుతుంది కాబట్టి కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. దీనికి బదులు కొబ్బరినూనె వాడవచ్చునని కొందరు చెబుతారు, అది సరికాదు. కొబ్బరినూనెలో సగానికి దగ్గరగా ఉన్నది పన్నెండు కర్బనాల లారిక్ ఆమ్లం, అది చాలావరకు కైలోమైక్రాన్ల దారినే పడుతుంది.

లెక్క నాకు పట్టుబడింది కానీ, ఇంట్లో అందరికీ పట్టుబడడం వేరే సంగతి. సంక్రాంతికి ఊరి నుంచి అరిసెల డబ్బా, మాడుగుల హల్వా పొట్లం వస్తాయి. మా అత్తయ్య పిల్ల కంచం దగ్గర నేతి గిన్నెతో నిలబడి, “ఇంట్లో కాసిన నెయ్యేనమ్మా, బజారుది కాదు. అన్నంలో ఒక్క చుక్క వేస్తే పిల్లకి బలం కదా” అని బతిమాలేది. “ఒంటికి పట్టదు అత్తయ్యా, నెత్తుట్లోనే ఉండిపోతుంది” అని నేను ఎన్ని విధాలుగా చెప్పినా లోపల ఎక్కడో నమ్మకం కుదిరేది కాదు. మాటలతో కానిది అంకెలతో అయింది. కొవ్వు పూర్తిగా ఆపితే కొన్ని రోజుల్లోనే ట్రైగ్లిజరైడ్లు గట్టిగా పడిపోతాయి, అదీ ఈ జబ్బు లక్షణమే. ఆస్పత్రిలో చేర్చినప్పటి రిపోర్టు, ఇంటికి పంపేటప్పటి రిపోర్టు పక్కపక్కన పెట్టి చూపించాక, ఆవిడ నేతి గిన్నెను పై అల్మరాలోకి మార్చేసింది. ఇప్పుడు చుట్టాలెవరైనా ‘ఒక్కటి తింటే ఏమవుతుంది’ అంటే జవాబు చెప్పేది ఆవిడే, నాకన్నా గట్టిగా.

ఆవిడ నాకు అత్తయ్య మాత్రమే కాదు, మా నాన్నగారి చెల్లెలు. మాది మేనరికం. మా తాతయ్యలోనో నానమ్మలోనో చెడిన ఎల్.పి.ఎల్. ప్రతి ఒకటి ఉండి ఉండాలి. అది మా నాన్నగారికీ అత్తయ్యకూ చేరి, నాన్నగారి నుంచి నాకు, అత్తయ్య నుంచి మా వారికి వచ్చింది. ఒక్క ప్రతి చెడితే జబ్బు రాదు, ట్రైగ్లిజరైడ్ మామూలుగానో కొంచెం ఎక్కువగానో ఉంటుందంతే. మా ఇద్దరి నుంచీ ఆ ఒక్కటే పిల్లకు చేరినప్పుడు రెండు ప్రతులూ చెడినవయ్యాయి. ఇలాంటి తల్లిదండ్రులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి బిడ్డకు రాదనేమీ లేదు. మా అబ్బాయికి పరీక్ష చేయిస్తే ఒక్క ప్రతే చెడినట్టు తేలింది. మేనరికాలను తిట్టిపోయడం నాకు ఇష్టం లేదు, ఎఫ్.సి.ఎస్. బయటి సంబంధాల్లోనూ వస్తుంది. కానీ కుటుంబంలో ఇలాంటి ప్రతి ఉందని తెలిశాక కూడా మా కుటుంబంలోనే మళ్లీ వరస కలిసే సంబంధాలు వెతుకుతూ, జాతకాలు చూసి రక్తపరీక్ష మాట ఎత్తని పెద్దలతో మాత్రం నేను వాదనకు దిగుతూనే ఉన్నాను.

మందుల సంగతి చెప్పాలి. రక్తంలో కొవ్వు తగ్గించడానికి మామూలుగా ఇచ్చే స్టాటిన్లు, ఫైబ్రేట్లు, చేప నూనె ఈ జబ్బులో పెద్దగా ఉపయోగపడవు. ఫైబ్రేట్లు చాలావరకు పనిచేసేది ఎల్.పి.ఎల్. ద్వారానే, అదే లేనప్పుడు అవి చేసేదేముంది? ఐరోపాలో 2012లో అనుమతి పొందిన మొట్టమొదటి జన్యుచికిత్స ఈ జబ్బుకే. గ్లైబెరా అనే ఆ మందు ఖరీదు ఒక్కొక్కరికి పది లక్షల యూరోల దాకా పలికి, వాడేవాళ్లు లేక 2017లో కనుమరుగైంది. ఆ తర్వాత వచ్చినవి మరో దారి పట్టాయి. అపో సి-3 అనే ప్రొటీన్ ఎల్.పి.ఎల్.కు అడ్డుపడడమే కాక, మిగిలిన రేణువులను కాలేయం తీసుకోకుండా కూడా ఆపుతుంది. కాబట్టి దానిని తయారుకానీయకపోతే ఎల్.పి.ఎల్. లేనివాళ్లలో సైతం ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి. ఆ పద్ధతిలో వొలనెసోర్సెన్‌కు 2019లో ఐరోపాలోనూ, నెలకొక ఇంజెక్షన్‌గా ఇచ్చే ఒలెజార్సెన్‌కు 2024 డిసెంబరులో అమెరికాలోనూ పెద్దవాళ్ల కోసం అనుమతి వచ్చింది. మొదటిదానితో ప్లేట్‌లెట్లు పడిపోయే ఇబ్బంది ఉంది. ఐదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ప్రస్తుతం మందు కంచమే. ఆమె పెద్దయ్యాక ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలకు దూరంగా ఉండాలనీ, గర్భం దాల్చితే చివరి నెలల్లో ట్రైగ్లిజరైడ్లు సహజంగానే రెండు మూడు రెట్లు పెరుగుతాయి కాబట్టి ముందునుంచే డాక్టరు కనిపెట్టి ఉండాలనీ ఇప్పుడే రాసి పెట్టుకొన్నాను.

నొప్పి వచ్చినప్పుడు ఏ ఆస్పత్రికి పరుగెత్తవలసి వస్తుందో ముందుగా తెలియదు, అక్కడి డ్యూటీ డాక్టరు ఈ జబ్బు పేరు వినకపోయి ఉండవచ్చు. అందుకని మా డాక్టరుగారు ఒక పేజీ కాగితం తయారుచేసి ఇచ్చారు. జబ్బు పేరు, జన్యువు పేరు, చివరి ట్రైగ్లిజరైడ్ అంకె మొదట ఉంటాయి. ఆపైన, పై కడుపులో మొదలై వీపులోకి పాకే నొప్పీ వాంతులూ ఉంటే క్లోమం వాపుగానే భావించి లైపేజ్ (ఎల్.పి.ఎల్. కాదు, క్లోమం తయారుచేసే వేరే ఎంజైము) పరీక్ష, స్కానింగ్ చేయాలనీ, ఎమిలేజ్ మామూలుగా వచ్చినా ఇంటికి పంపవద్దనీ, నోటి ద్వారా ఆహారం ఆపి సెలైన్ పెట్టాలనీ ఉంటుంది. కింద ఎర్ర సిరాతో రెండు నిషేధాలు: సిర ద్వారా కొవ్వు ఎమల్షన్ ఎక్కించకూడదు, మత్తు ఇవ్వవలసి వస్తే సోయా నూనె ఎమల్షన్‌లో వచ్చే ప్రోపోఫాల్‌కు బదులు వేరేది చూడాలి. కాగితం నకళ్లు స్కూలు బ్యాగులో ఒకటి, మా వారి పర్సులో ఒకటి, క్లాసు టీచరు దగ్గర ఒకటి ఉన్నాయి. కొత్త రిపోర్టు వచ్చినప్పుడల్లా పై వరుసలోని అంకె మార్చి మళ్లీ జిరాక్స్ తీయిస్తాము.